ఓటు ఒకటి, కుర్చీ ఒకటి: బో అండ్ బ్రామ్లీ నియోజకవర్గం కథ



ఈ స్మారకోపన్యాసం ఇమ్మని నిర్వాహకులు అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేకపోయాను. మా టీచరు గారి గురించి మాట్లాడాలంటే నా గొంతు నిలబడదు. ఆమె పేరిట మరేదైనా విషయం మాట్లాడాలంటే, ఆమె ఒప్పుకునే విషయం ఏదన్న సందేహం. ఆమె మాకు సోషలు చెప్పేవారు. ఎన్నికలొస్తే పోలింగు డ్యూటీకి వెళ్ళేవారు. తిరిగొచ్చిన మర్నాడు పాఠం ఉండేది కాదు. పేపరు సీలు ఎలా వేస్తారో, బ్యాలెట్ కాగితాన్ని సిరా అంటుకోకుండా ముందు నిలువుగా, తరువాత అడ్డంగా ఎలా మడవాలో నోటుబుక్కులోంచి చించిన కాగితంతో చేసి చూపించేవారు. ఒకసారి ఆ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి అన్నారు: "జాబితాలో పేరుంటే చాలదు పాపా. నామినేషను కాగితం మీద కూడా ఉండాల." పదమూడేళ్ళ వయసులో ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది. అర్థం చేయించింది మన ఊరు కాదు, మన దేశం కూడా కాదు. లండను తూర్పు భాగంలో, లీ నది ఒడ్డున ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని ఒక నియోజకవర్గం. దాని పేరు బో అండ్ బ్రామ్లీ.

మదనపల్లెలో నిలబడి బో గురించి మాట్లాడటం దూరాభారమని మీకు అనిపించవచ్చు. అంత దూరమేమీ కాదని తరువాత చెబుతాను. ముందు ఆ నియోజకవర్గం ఎలా పుట్టిందో చూద్దాం.

1889కి ముందు లండను మహానగరానికంతటికీ ప్రజలు నేరుగా ఎన్నుకున్న పాలకసంస్థ లేదు. 1855 చట్టంతో ఏర్పడిన మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ మురుగుకాలువలు, నది గట్టు, పెద్ద రోడ్లు కట్టింది కానీ, దాని సభ్యులు ప్రజల ఓటుతో వచ్చినవారు కారు. కట్టడాల వెనుక అవినీతి బయటపడి బోర్డు పరువు పోయింది. 1888 స్థానిక ప్రభుత్వ చట్టం దాని స్థానంలో లండన్ కౌంటీ కౌన్సిల్‌ను తెచ్చింది. పార్లమెంటు నియోజకవర్గాల హద్దులనే కౌన్సిల్‌కూ వాడుకున్నారు. 57 నియోజకవర్గాలకు ఇద్దరిద్దరు, లండన్ సిటీకి నలుగురు, మొత్తం 118 మంది కౌన్సిలర్లు. వీరు మరో 19 మంది ఆల్డర్‌మన్లను ఎన్నుకుంటారు. మూడేళ్ళకోసారి ఎన్నికలు. తొలి ఎన్నిక 1889 జనవరి 17న జరిగింది. బో, బ్రామ్లీ, ఓల్డ్ ఫోర్డ్ ప్రాంతాలు కలిసిన మా నియోజకవర్గం అలా మొదటిసారి నగర పాలనకు ఇద్దరు మనుషుల్ని పంపింది. 'మా' అన్నానా? ఏళ్ళ తరబడి ఒక చోటును చదివితే అది సొంతూరైపోతుంది, మన్నించాలి.

ఆ సమయానికి బో ఎలా ఉండేదో ఒక్క సంగతితో తెలుస్తుంది. ఎన్నికకు ఆరు నెలల ముందు, 1888 జులైలో, అక్కడి బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల కర్మాగారంలో దాదాపు 1,400 మంది స్త్రీలు, ఆడపిల్లలు పని మానేసి బయటికి వచ్చారు. తెల్ల భాస్వరం వల్ల దవడ ఎముక కుళ్ళిపోయే జబ్బు, చాలీచాలని కూలి, చీటికీ మాటికీ కూలిలో కోతలు. ఆ పరిస్థితుల గురించి జూన్‌లో పత్రికలో రాసి లోకానికి చెప్పింది అనీ బెసెంట్. సమ్మె గెలిచింది. ఆ ఏడాది చివర్లోనే బెసెంట్ టవర్ హ్యామ్లెట్స్ నుంచి లండను స్కూలు బోర్డుకు ఎన్నికయ్యారు. స్కూలు బోర్డుల్లో స్త్రీలు కూర్చోవచ్చునని 1870 నుంచే చట్టం ఉంది. ఆ మాట గుర్తుంచుకోండి. ఒక బల్ల దగ్గర కూర్చోవచ్చు, పక్క గదిలో మరో బల్ల దగ్గర కూర్చోకూడదు. ఈ రోజు మన విషయమంతా ఆ రెండు బల్లల మధ్య ఉంది.

ఓటు సంగతికొస్తే, ఇంగ్లండులో పన్ను కట్టే స్త్రీలకు 1869 నుంచే మునిసిపల్ ఓటు ఉంది. అయితే 1872లో కోర్టు ఒక తీర్పు చెప్పి పెళ్ళయిన స్త్రీలను ఆ ఓటు నుంచి తీసేసింది. మిగిలింది వితంతువులు, పెళ్ళికానివారు, అదీ తమ పేరున పన్ను కట్టేవారు. 1888లో కౌంటీ కౌన్సిళ్ళ ఓటు కూడా ఈ లెక్కనే వచ్చింది. అంటే సమ్మె చేసిన అగ్గిపెట్టెల ఆడపిల్లల్లో ఎవరికీ ఓటు దక్కి ఉండదనే చెప్పాలి. వారిలో చాలామందికి ఇల్లు తమ పేర ఉండే వయసే రాలేదు. ఓటున్నది వీధి మలుపులో చిన్న కొట్టు నడుపుకునే వితంతువుకు. ఆమె కూడా ఓటు వేయగలదు గానీ, ఓటు అడగగలదా? చట్టం ఆ ప్రశ్నకు నోరు విప్పలేదు.

చట్టం మౌనాన్ని అంగీకారంగా తీసుకుని కొందరు ముందడుగు వేశారు. 1888 చివర్లో స్త్రీలను కౌంటీ కౌన్సిలర్లుగా నిలబెట్టడానికే ఒక సంఘం ఏర్పడింది. 1889 జనవరి ఎన్నికలో బ్రిక్స్‌టన్ నుంచి లేడీ సాండ్‌హర్స్ట్ గెలిచారు. బో అండ్ బ్రామ్లీ నుంచి జేన్ కాబ్డెన్ గెలిచారు. ధాన్యం దిగుమతి పన్నుల మీద పోరాడిన రిచర్డ్ కాబ్డెన్ కూతురు ఆమె. అప్పటికి పెళ్ళి కాలేదు. ఆమె ఎన్నికల ఏజెంటుగా తిరిగినవాడు బో వీధుల్లో కలప వ్యాపారం చేసే ఇరవై తొమ్మిదేళ్ళ యువకుడు, జార్జ్ లాన్స్‌బరీ. తరువాతి కాలంలో లేబర్ పార్టీకి నాయకుడైన మనిషి. గెలిచిన కౌన్సిలర్లు ఆల్డర్‌మన్లను ఎన్నుకున్నప్పుడు మూడో స్త్రీగా ఎమా కాన్స్ కౌన్సిల్‌లోకి వచ్చారు.

ఇప్పుడు నేను కాస్త నెమ్మదిగా వెళతాను. న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఈ హాలులో ఉన్నారని తెలుసు, వారి కోసం.

బ్రిక్స్‌టన్‌లో ఓడిపోయిన అభ్యర్థి ప్రత్యర్థి పక్షం వాడు. వెంటనే కోర్టుకెళ్ళాడు. అతని వాదన 1882 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోని ఒక్క సెక్షను మీద నిలబడింది. ఆ సెక్షను సారాంశం ఇది: ఓటు హక్కుకు సంబంధించినంత వరకు ఈ చట్టంలో పురుషుణ్ణి సూచించే మాటలు స్త్రీలకూ వర్తిస్తాయి. నిజానికి ఆ సెక్షను స్త్రీలకు మేలు చేయడానికి పెట్టినది. కానీ న్యాయమూర్తులు దాన్ని తిరగేసి చదివారు. ఓటు విషయంలో స్త్రీలు ఉన్నారని చట్టం ప్రత్యేకంగా చెప్పిందంటే, మిగతా విషయాల్లో స్త్రీలు లేరనే కదా అర్థం అన్నారు. అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. తలుపు తీయడానికి చేసిన తాళంచెవితోనే తలుపు వేశారు. గెలిచిన లేడీ సాండ్‌హర్స్ట్ సీటు ఓడినవాడికి వెళ్ళిపోయింది. ఓటర్లు ఎవరిని కోరారన్నది ఆ తీర్పులో ఎక్కడా బరువు తూగలేదు.

బోలో మాత్రం అలా జరగలేదు. అదే రోజు, అదే చట్టం, అదే నగరం. అయినా జేన్ కాబ్డెన్ సీటు నిలిచింది. కారణం చట్టం కాదు, ఆమె తరువాతి స్థానంలో నిలిచిన మనిషి. ఆమె వెనుక మిగిలినవాడు ఆమె పక్షం వాడే, సీటు కోసం కోర్టుకెళ్ళడానికి ఇష్టపడలేదు. ఒక స్త్రీ కౌన్సిలర్‌గా ఉండాలా వద్దా అన్నది ఓడిపోయిన ఒక పురుషుడి మర్యాద మీద ఆధారపడి ఉండటం ఎంత విచిత్రమో ఆలోచించండి. ఎన్నికల చరిత్ర రాసేవారు గెలిచినవారి ఓట్లు లెక్కపెడతారు. నా దృష్టిలో ఈ చోట లెక్కపెట్టవలసింది రెండో స్థానంలో ఉన్నవాడి నిర్ణయాన్ని.

ఆ తరువాత జరిగింది ఇంకా బరువైనది. అర్హత లేనివారు గెలిచినా, పన్నెండు నెలల లోపు ఎవరూ సవాలు చేయకపోతే ఆ ఎన్నిక చెల్లుతుందని 1882 చట్టంలోనే ఒక నిబంధన ఉంది. కాబ్డెన్ మిత్రులు దాన్ని పట్టుకున్నారు. ఏడాది గడిచేదాకా ఆమె సభ వ్యవహారాల్లో పాలుపంచుకోకుండా ఆగారు. ఏడాది దాటాక పనిలోకి దిగారు. వెంటనే కౌన్సిల్‌లోనే ఉన్న ప్రత్యర్థి పక్ష సభ్యుడు సర్ వాల్టర్ డి సౌజా ఆమె మీద దావా వేశాడు. ఆమె సభ్యత్వం మీద కాదు, ఆమె వేసిన ఓట్ల మీద. అర్హత లేని మనిషి సభలో ఓటు వేసినందుకు జరిమానా కట్టాలన్నాడు. 1891లో అప్పీలు కోర్టు తేల్చిన మాట మనసులో ఇలా నిలిచిపోతుంది: ఏడాది గడిచింది కాబట్టి ఆమె సభ్యురాలే, కానీ స్త్రీ కాబట్టి సభ్యురాలిగా ఏ పని చేసినా నేరమే. జరిమానాను మాత్రం నామమాత్రానికి తగ్గించింది.

అప్పుడు జేన్ కాబ్డెన్ చేసింది ఒక్కటే. రాజీనామా చేయలేదు. స్ప్రింగ్ గార్డెన్స్‌లో కౌన్సిల్ సమావేశమయ్యే భవనానికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. మాట్లాడలేదు, ఓటు వేయలేదు, కమిటీల్లోకి వెళ్ళలేదు. 1892లో గడువు ముగిసేదాకా అలాగే ఉన్నారు. చుట్టూ నూట ముప్పైకి పైగా పురుషులు మురుగుకాలువల గురించి, ట్రాముల గురించి, పిల్లల ఆశ్రమాల గురించి మాట్లాడుతుంటే, ఆ పిల్లల సంగతి తెలిసిన మనిషి నోరు కట్టేసినట్టు కూర్చున్న దృశ్యాన్ని నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. ఆ మౌనం ఓటమి కాదని నా నమ్మకం. బో ఓటర్లు ఇచ్చిన కుర్చీని ఖాళీ చేయనని చెప్పడానికి ఆమెకు మిగిలిన ఒకే ఒక మాట అది.

ఆ తరువాత లండన్ కౌంటీ కౌన్సిల్‌లో పద్దెనిమిదేళ్ళు ఒక్క స్త్రీ కూడా లేదు. చట్టం మార్చడానికి బిల్లులు వచ్చాయి, పోయాయి. 1894 చట్టంతో స్త్రీలు వెస్ట్రీలనే చిన్న పరిధి స్థానిక సంఘాలకు ఎన్నికయ్యారు. 1899లో లండను బరోలను ఏర్పాటు చేస్తూ వెస్ట్రీలను తీసేసినప్పుడు, కొత్త బరో కౌన్సిళ్ళలో స్త్రీలు ఉండవచ్చునని కామన్స్ సభ ఒక దశలో ఒప్పుకుంది, లార్డ్స్ సభ కొట్టేసింది. అలా ఉన్న స్త్రీలు కూడా బయటికి వచ్చేశారు. హక్కు ఒకసారి వస్తే పోదనుకునేవారికి ఆ 1899ను చూపించాలి. 1907 చట్టం వచ్చాకే స్త్రీలకు కౌంటీ, బరో కౌన్సిళ్ళలో కూర్చునే హక్కు ఖాయమైంది. ఓటు 1869లో, కుర్చీ 1907లో. మధ్యలో 38 సంవత్సరాలు. 1910లో సూసన్ లారెన్స్, హెన్రియెటా ఆడ్లర్ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. వీరిలో సూసన్ లారెన్స్ తరువాత పక్షం మార్చి లేబర్‌లో చేరి, బోను ఆనుకుని ఉన్న పాప్లర్ ప్రాంతం నుంచే గెలిచారు.

బో మాత్రం తన పాత బాకీని మరిచిపోలేదు. 1912 నవంబరులో, అప్పటికి బో అండ్ బ్రామ్లీ పార్లమెంటు సభ్యుడిగా ఉన్న లాన్స్‌బరీ స్త్రీల ఓటు కోసం సీటు వదులుకుని, అదే విషయం మీద మళ్ళీ ప్రజల ముందుకు వెళ్ళాడు. ఓడిపోయాడు. ప్రత్యర్థికి 4,042 ఓట్లు, ఆయనకు 3,291. ఆ ఓటర్లందరూ పురుషులే. స్త్రీల ఓటు గురించి స్త్రీలకు ఓటు లేని ఎన్నిక. ఫలితం మరోలా ఉంటుందని ఆశించడమే కష్టం. అయినా 1889లో ఒక స్త్రీ కోసం ఇంటింటికీ తిరిగిన ఏజెంటు, 23 ఏళ్ళ తరువాత సొంత సీటును ఆ మాట మీద పణంగా పెట్టడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఆ సమయంలోనే స్త్రీల ఓటు కోసం పోరాడుతున్న సిల్వియా పాంక్‌హర్స్ట్ బో రోడ్డులో ఒక దుకాణం తీసుకుని, ఆ వీధుల స్త్రీలతో తన ఉద్యమం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఓల్డ్ ఫోర్డ్ రోడ్డులో కొన్న ధరకే అన్నం పెట్టే భోజనశాల నడిపారు.

1918లో ముప్పై దాటిన స్త్రీలకు, ఆస్తి షరతులతో, పార్లమెంటు ఓటు వచ్చింది. 1919లో, బో కూడా భాగమైన పాప్లర్ బరో కౌన్సిల్ లేబర్ చేతికి వచ్చింది, లాన్స్‌బరీ మేయరయ్యాడు. 1921లో చరిత్ర ఒక వింత మలుపు తిరిగింది. పేద బరోలు తమ నిరుద్యోగులకు సాయమూ చేయాలి, లండనంతటికీ పన్నూ వసూలు చేసి పంపాలి. పాప్లర్ కౌన్సిలర్లు తమ పేదలకు సాయం ఆపం, ఆ పన్ను పంపం అన్నారు. పంపనన్నది ఎవరికో కాదు, లండన్ కౌంటీ కౌన్సిల్‌కూ తదితర సంస్థలకూ. ఏ సభలో తమ కౌన్సిలర్ నోరు కట్టేశారో ఆ సభకే. కోర్టు 30 మందిని జైలుకు పంపింది. స్త్రీలు హాలోవే జైలులో, పురుషులు బ్రిక్స్‌టన్ జైలులో. కౌన్సిల్ సమావేశాలు జైలులోనే జరిగాయి. స్త్రీ సభ్యులను టాక్సీలో హాలోవే నుంచి బ్రిక్స్‌టన్‌కు తీసుకొచ్చేవారు. ఆరు వారాలకు వదిలేశారు, బరోల మధ్య భారాన్ని సర్దే చట్టమూ వచ్చింది.

జైలుకెళ్ళిన స్త్రీలలో ఒకరు మినీ లాన్స్‌బరీ, జార్జ్ కోడలు, బడిపంతులమ్మ. 1889లో పుట్టింది, జేన్ కాబ్డెన్ గెలిచిన ఏడాది. జైలు నుంచి వచ్చిన కొద్ది నెలలకే, 1922 జనవరి 1న, ముప్పై రెండేళ్ళకే చనిపోయింది. బో రోడ్డు మీద ఒక భవనానికి ఆమె పేరిట ఒక గడియారం ఉంది. అక్కడికి దగ్గరలోనే, రోడ్డు నడుమ ఉన్న బో చర్చి ముందు ఒకప్పటి ప్రధాని గ్లాడ్‌స్టన్ విగ్రహం ఉంటుంది. అగ్గిపెట్టెల యజమాని ఒకరు పెట్టించినది. దానికి తమ కూలిలోంచి ఒక షిల్లింగు కోశారని ఆ ఆడపిల్లలు చెప్పుకునేవారట. ఇప్పటికీ ఎవరో ఆ విగ్రహం చేతులకు ఎర్రరంగు పూసి వెళతారు. రంగు కడిగితే మళ్ళీ పూస్తారు.

1948 చట్టంతో హద్దులు మారి, 1949 కౌన్సిల్ ఎన్నికల నాటికి బో అండ్ బ్రామ్లీ అనే నియోజకవర్గం లేకుండా పోయింది. 1965లో కౌన్సిలే పోయింది.

ఇక మదనపల్లెకు వద్దాం. బోలో అగ్గిపెట్టెల ఆడపిల్లల పక్షాన రాసిన అనీ బెసెంట్, 1915లో ఈ ఊళ్ళో కళాశాల పెట్టించిన అనీ బెసెంట్ ఒకరే. ఆ కళాశాలలో పాఠం చెప్పడానికి వచ్చిన జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్. ఐర్లండులోనూ, ఇంగ్లండులోనూ ఓటు కోసం జైలుకు వెళ్ళొచ్చిన మనిషి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి వచ్చినప్పుడు జనగణమన స్వరం రాసింది ఆమేనని ఈ ఊరి పిల్లలందరికీ తెలుసు. 1917లో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు స్త్రీలకు ఓటు అడగడానికి వెళ్ళిన బృందం వెనుక ఉన్నదీ ఆమేనన్నది అంతగా తెలియదు. ఆ బృందానికి ముందు నడిచింది హైదరాబాదు నుంచి వచ్చిన సరోజినీ నాయుడు.

స్త్రీల ఓటు మీద నిర్ణయాన్ని బ్రిటిష్ పార్లమెంటు రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది. 1921లో స్త్రీలకు ఓటు అడ్డును తొలగించిన మొదటి రాష్ట్రం మద్రాసు, అంటే మనం. కానీ అక్కడా ఓటు ఒకటి, కుర్చీ ఒకటి. శాసనసభలో కూర్చునే హక్కు 1926లో గానీ రాలేదు. అప్పుడు ముత్తులక్ష్మి రెడ్డి సభలోకి వచ్చి, 1927లో ఉపాధ్యక్షురాలయ్యారు. ఇంగ్లండు పురపాలకాల్లో 38 ఏళ్ళు పట్టిన దూరం ఇక్కడ ఐదేళ్ళలో తీరింది. అయినా ఆ ఐదేళ్ళు ఎందుకు ఉండాలన్నది నా ప్రశ్న. ఓటు ఇవ్వడం వేరు, పరిపాలన పంచుకోవడం వేరు అన్న ఆలోచన సముద్రాలు దాటి వచ్చింది. అది ఇంకా వెళ్ళిపోలేదు. 74వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు మూడో వంతు స్థానాలు ఇచ్చింది. అంతకు మించి మన రాష్ట్రం సగం ఇచ్చింది. మరో పక్క ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక సంస్థలకు పోటీ చేయకూడదన్న నిబంధన మూడు దశాబ్దాలు ఉండి, 2024లో గానీ పోలేదు. పిల్లలెంతమందో తేల్చుకునే అధికారం ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళకు ఉందో మీకు తెలుసు. అలాంటివారికి అన్నాళ్ళూ ఓటు ఉండేది. కుర్చీ ఉండేది కాదు.

బోకూ మనకూ ఇంకో ముడి ఉంది. 1931లో లండనులో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన గాంధీజీ పెద్ద హోటలు వద్దని, మ్యూరియల్ లెస్టర్ నడిపే కింగ్స్‌లీ హాలులో, బ్రామ్లీలో, పేదల మధ్య దిగారు. ఆ గోడ మీద నీలి పలక పెట్టించింది లండన్ కౌంటీ కౌన్సిలే, 1954లో. ఒకప్పుడు ఆ వీధులు పంపిన మనిషిని మాట్లాడనివ్వని కౌన్సిల్.

ఈ ఉపన్యాసం సిద్ధం చేస్తున్నప్పుడు టీచరు గారి గురించి నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చిన సంగతి ఒకటుంది. 74వ సవరణ తరువాత ఈ ఊళ్ళో జరిగిన తొలి మునిసిపల్ ఎన్నికల్లో, అప్పటికి రిటైరైన ఆమె, తన పాత విద్యార్థిని ఒకామెకు నామినేషను కాగితాలు నింపి ఇచ్చారు. పరిశీలన రోజు అవతలి పక్షం వాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఓటరు జాబితాలో పుట్టింటి ఇంటిపేరు, కాగితంలో అత్తింటి ఇంటిపేరు, కనుక ఈమె ఆమె కాదని. టీచరు గారు చేతిసంచీలోంచి ఆ అమ్మాయి పదో తరగతి మార్కుల కాగితం తీశారు, పెళ్ళి శుభలేఖ తీశారు, రేషను కార్డు తీశారు. ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టారు. అధికారి అన్నీ చూసి, ఇంకా ఆలోచించాలన్నాడు. సాయంత్రం నాలుగింటికి కాగితం ఆమోదించామని చెప్పేదాకా టీచరు గారు మునిసిపల్ ఆఫీసు వరండాలో, గోడవార బెంచీ మీద, నీళ్ళు కూడా తాగకుండా కూర్చునే ఉన్నారు. పక్కన కూర్చున్నది నేనే. ఆ కాగితం మీద పేరు నాదే.